గుండు చేయించుకున్నారా? నెత్తిని రోజూ ఇలా చూసుకోండి

తిరుమల నుంచి దిగిన వారంలోపు ఎవరో ఒకరు నాకు ఫోన్ చేస్తారు. "అన్నా, నెత్తి భగభగా మండుతోంది, ఏం రాయమంటావ్?" ఒకరికి మంట, ఇంకొకరికి దురద, మరొకరికి మెడ వెనుక పొక్కులు. నేను పన్నెండేళ్లుగా గుండుతోనే తిరుగుతున్నాను. ముప్పై అయిదు నిండకముందే నడినెత్తి ఖాళీ అయింది. పక్కనున్న నాలుగు వెంట్రుకల్ని దువ్వి దాన్ని కప్పిపెట్టే ఓపిక లేక మొత్తం తీసేశాను. అప్పటినుంచీ ఈ విషయంలో నన్ను పెద్దమనిషిని చేసేశారు. అడిగినవాళ్లందరికీ విడివిడిగా చెప్పేకన్నా ఒకసారి రాసి పెడదామని కూర్చున్నాను.

మొక్కు తీర్చుకుని తలనీలాలు ఇచ్చినవాళ్లకు, ఇంట్లో కర్మ జరిగి గుండు చేయించుకున్నవాళ్లకు ఇది నెల రోజుల పని. నాలాంటివాళ్లకు రోజూ ఉండేదే. పద్ధతి మాత్రం అందరికీ ఒకటే.

ఒక్క లెక్క గుర్తుంటే చాలు, సగం పొరపాట్లు జరగవు: ముఖానికి రాయడానికి జంకేది ఏదైనా గుండుకూ రాయకండి. నిన్నటిదాకా జుట్టు నీడన పడుకున్న చర్మం అది. ఎండ తెలియదు, బ్లేడు తెలియదు. దాన్ని పట్టుకుని ఒంటి సబ్బుతో తోమి, ఆఫ్టర్ షేవ్ చల్లి, మిట్టమధ్యాహ్నం బస్టాండులో నిలబెడితే మండక ఏం చేస్తుంది?

కావలసినవి

- ఘాటు లేని ఫేస్‌వాష్ గానీ, పిల్లల షాంపూ గానీ. ఒంటి సబ్బుల్లో చాలావాటికి క్షారగుణం ఎక్కువ, చర్మాన్ని పీల్చేస్తాయి. బోరు నీళ్లయితే మరీ ఘోరం, సబ్బు తెల్లటి పొరలా నెత్తికి అంటుకుపోతుంది.
- వాసన లేని మాయిశ్చరైజర్. ఖరీదుతో పనిలేదు.
- ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్, జెల్ రకం. 30 ఉన్నది సరిగ్గా రాస్తే చర్మాన్ని కమిలించే కిరణాల్లో దాదాపు 97 శాతం ఆపుతుంది, 50 ఉన్నది 98 శాతం. ఆ ఒక్క శాతం కోసం ఎక్కువ ధర పెట్టాలా వద్దా మీ ఇష్టం.
- పాతబడి మెత్తబడ్డ నూలు తువ్వాలు. గరుకుగా ఉండే టర్కీ టవల్ వద్దు.
- నూలు టోపీ లేదా కండువా.
- ఇంట్లోనే గీసుకునేవాళ్లకు రేజర్ లేదా ట్రిమ్మర్, షేవింగ్ జెల్, ఒక చేతి అద్దం.

కొత్త గుండుకు మొదటి మూడు రోజులు

కల్యాణకట్టలోనైనా, సెలూన్‌లోనైనా, ఇంటికి వచ్చి చేసేవారి దగ్గరైనా, తల వంచకముందే కొత్త బ్లేడు మీ కళ్ల ముందు వేయించుకోండి. అడగడానికి మొహమాటపడకండి. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తపు మరకలో కూడా వారం రోజులు బతికి ఉండగలదు. కళ్లకు కనిపించని గాటు చాలు దానికి.

1. గుండు కాగానే చల్లటి నీళ్లతో కడగండి. వేడినీళ్లు, సబ్బు ఆ పూటకు వద్దు.

2. రుద్దకండి. తువ్వాలు తల మీద పరిచి అరచేతులతో అద్దండి.

3. గంధం రాసుకోవచ్చా అని అందరూ అడుగుతారు. రాసుకోండి, కానీ అది అసలు గంధమై ఉండాలి. సాన మీద అరగదీసిన గంధంలోని తడి ఆరుతున్నప్పుడు చల్లగా హాయిగానే ఉంటుంది. కొండ మీద పళ్లెంలో పెట్టుకుని తిరిగేవాళ్లు పూసే పసుప్పచ్చటి ముద్దలో గంధం ఎంతో, రంగు ఎంతో, సెంటు ఎంతో ఎవరికి తెలుసు? పైగా ఒకే గిన్నెలో అందరి నెత్తులనూ తాకిన చెయ్యి మునుగుతూ ఉంటుంది. గాట్లున్న తలకు అది పూయించుకోకండి. అసలు గంధమైనా సరే, పూర్తిగా ఎండి పగుళ్లు తేలకముందే కడిగేయండి. లేకపోతే చర్మంలోని తేమను కూడా లాగేస్తుంది.

4. గాటు పడి రక్తం వస్తే శుభ్రమైన గుడ్డతో మూడు నిమిషాలు గట్టిగా అదిమిపట్టండి. మధ్యలో ఎత్తి చూడకండి, అందరూ చేసే తప్పు అదే. కాఫీ పొడి, పసుపు, సున్నం ఏదీ అద్దొద్దు.

5. మూడు రోజులు నూనె, పౌడరు, సెంటు బంద్. రాత్రి పూట పలచగా మాయిశ్చరైజర్ ఒక్కటే.

మూడో రోజు నుంచి వారం వరకు దురద పెడుతుంది. మొలకలు పైకి వస్తూ చర్మాన్ని గుచ్చే దురద అది, రోగం కాదు. గోళ్లతో గీరకుండా తడి గుడ్డ వేసి ఉంచండి.

ప్రతిరోజూ చేయాల్సింది

1. పొద్దున ఫేస్‌వాష్ బఠాణీ గింజంత తీసుకుని తడి తలపై అర నిమిషం వేళ్ల కొసలతో తిప్పండి. చెవుల వెనుక, మెడ గుంటలో జిడ్డు ఎక్కువ చేరుతుంది, అక్కడ ఇంకాస్త సేపు. నీళ్లు గోరువెచ్చగా ఉంటే చాలు.

2. అద్దుకుని ఆరబెట్టి, కాస్త తడి మిగిలి ఉండగానే మాయిశ్చరైజర్ రాయండి. పూర్తిగా ఆరిపోయాక రాస్తే సగం ఫలితమే. జిడ్డు తత్వం ఉన్నవాళ్లు వేసవిలో పొద్దున మానేసి రాత్రికే పరిమితం చేసుకోవచ్చు.

3. బయటికి వెళ్లడానికి పావుగంట ముందు సన్‌స్క్రీన్. ఎంత? చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పిండండి. నెత్తి మొత్తానికి అది సరిపోతుంది. చాలామంది శనగగింజంత తీసుకుని తలంతా సర్దేసి, సన్‌స్క్రీన్ పనిచేయడం లేదంటారు. చెవుల పై అంచులు మర్చిపోవద్దు. జింక్ ఆక్సైడ్ ఎక్కువున్న రకమైతే విభూతి పూసుకున్నట్టు తెల్లగా తేలుతుంది, జెల్ రకం చెప్పింది అందుకే. ఎండలో పనిచేసేవాళ్లు రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. అది కుదరకపోతే నెత్తికి కండువా చుట్టేయండి, సన్‌స్క్రీన్‌కన్నా నమ్మకం. పొలం పనులవాళ్లు ఎప్పటినుంచో చేస్తున్నది అదేగా.

చెమటతో పాటు సన్‌స్క్రీన్ కళ్లలోకి దిగి మండుతుందా? నుదుటి కింది సగం వదిలేసి రాయండి. ఆ భాగాన్ని టోపీ అంచు చూసుకుంటుంది.

4. మధ్యాహ్నం చెమట పట్టినప్పుడు పొడి రుమాలుతో బరబరా తుడవకండి. రుమాలు తడిపి, పిండి, అద్దండి. చెమటలోని ఉప్పును పొడి గుడ్డతో రుద్దితే చర్మం గీసుకుపోతుంది.

5. హెల్మెట్ పెట్టుకునేవాళ్లకు ఇది ముఖ్యం. జుట్టున్నప్పుడు చెమటను జుట్టు కాస్త పట్టుకునేది. ఇప్పుడు మొత్తం హెల్మెట్ లోపలి స్పాంజికి పోతుంది, మర్నాడు అదే కంపు నెత్తికి తిరిగొస్తుంది. లోపల పలచని నూలు టోపీ ఒకటి పెట్టుకుని రోజూ ఉతకండి. రెండు టోపీలుంటే ఒకటి ఆరేలోపు ఇంకొకటి. లోపలి గుడ్డ విడివడే హెల్మెట్ అయితే వారానికోసారి ఉతికి ఎండలో వేయండి. ఒకరి హెల్మెట్ ఇంకొకరు పెట్టుకోవద్దు.

6. రాత్రి పడుకునే ముందు మళ్లీ కడగండి. పొద్దున మానేసినా పర్వాలేదు కానీ ఇది మానొద్దు. రోజంతా చేరిన సన్‌స్క్రీన్, దుమ్ము, చెమట దిండుకు అంటకూడదు. కడిగాక మాయిశ్చరైజర్. దిండు గలీబు వారానికి రెండుసార్లు మార్చండి.

ఇంతే. రెండు పూటలా కలిపి పది నిమిషాలు పట్టదు.

ఇంట్లో గీసుకునేవాళ్లకు

రోజూ గీసుకోవాలని ఏమీ లేదు. వెంట్రుక రోజుకు సుమారు మిల్లీమీటరులో మూడో వంతు పెరుగుతుంది, నెలకు ఒక సెంటీమీటరు. రెండు మూడు రోజులకోసారి గీస్తే చర్మానికి ఊపిరి దొరుకుతుంది. రోజూ నున్నగా ఉండాలంటే రేజర్ బదులు ఎలక్ట్రిక్ షేవర్ మేలు. అద్దంలా మెరవదు కానీ పొక్కులు తక్కువ. షుగర్ ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లు బ్లేడు జోలికి పోకుండా ట్రిమ్మర్‌తో సరిపెట్టుకోండి. క్యాన్సర్ చికిత్సలో జుట్టు రాలుతోందని తీసేయించుకునేవాళ్లకూ అదే మాట.

1. స్నానం అయ్యాకే మొదలుపెట్టండి. తడి తువ్వాలు అయిదు నిమిషాలు తల మీద ఉంటే వెంట్రుక మెత్తబడుతుంది. వారం దాటిన జుట్టయితే ముందు ట్రిమ్మర్ నడిపించాలి.

2. జెల్ రాసేముందు వేళ్లతో తడిమి వెంట్రుక వాలు చూసుకోండి. వేలు జారే వైపు వాలు, గుచ్చుకునే వైపు ఎదురు. నడినెత్తి సుడి దగ్గర వాలు గిర్రున తిరుగుతుంది. అక్కడ ఒకే దిక్కున లాగితే సగం చుట్టూ ఎదురు గీసినట్టే. సుడి చుట్టూ రేజర్‌ను కూడా తిప్పాలి, గడియారం ముల్లు నడిచినట్టు కొంచెం కొంచెంగా. రెండు సుళ్లుంటే రెండు పెళ్లిళ్లో కాదో తెలియదు గానీ, రెండు చోట్ల జాగ్రత్త మాత్రం తప్పదు.

3. జెల్ రాసి రెండు నిమిషాలు ఆగండి. పక్కలు, తర్వాత వెనుక, చివరికి నడినెత్తి. ఒక్కో గీత రెండు అంగుళాలు మించొద్దు. చెయ్యి బరువు రేజర్ మీద పడకూడదు. కరకర చప్పుడు వినబడుతూ ఉంటే సరిగ్గా తెగుతున్నట్టు. చప్పుడు తగ్గి లాగినట్టు ఉంటే బ్లేడు మొద్దుబారినట్టు.

4. రెండు గీతలకోసారి రేజర్‌ను మగ్గులో ఝాడించండి. చెవిని కిందికి మడిచి వెనుక భాగం గీయండి. చర్మాన్ని మరో చేత్తో లాగి పట్టొద్దు. అలా గీస్తే వెంట్రుక చర్మం మట్టానికి కిందే తెగి, మొలిచేటప్పుడు లోపలికే వంకర తిరుగుతుంది. పొక్కులు అక్కడినుంచే మొదలు.

5. ఎదురు గీత వద్దు. పెళ్లికో ఫోటోకో నున్నగా కావాలంటే ఒక్కసారి అడ్డంగా గీయండి, అంతవరకే.

6. చల్లటి నీళ్లు, అద్దడం, మాయిశ్చరైజర్. పటిక కావాలంటే చిన్న గాట్ల వరకు తడిపి తాకించండి, తలంతా రుద్దకండి. రేజర్‌ను కడిగి, దులిపి, బాత్రూమ్ బయట పొడిగా ఉంచండి. నాకు ఒక బ్లేడు నాలుగైదు గుండ్లకు వస్తుంది. ఆరోదానికి ఆశపడిన ప్రతిసారీ మెడ వెనుక ఎర్రబడింది.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

నిమ్మకాయ. చుండ్రు పోతుందని నిమ్మచెక్క నెత్తికి రుద్దుకుని ఎండలోకి వెళ్తారు. నిమ్మరసం పడ్డ చర్మం మీద ఎండ తగిలితే కాలినట్టు బొబ్బలెక్కి, నల్లమచ్చలు నెలల తరబడి ఉండిపోతాయి. జుట్టుంటే మచ్చ దాగేది, గుండు మీద ఎక్కడ దాస్తారు?

కర్పూరం కలిపిన కొబ్బరినూనె. గీసిన చర్మానికి కర్పూరం మంట పెంచుతుంది. పసిపిల్లలకైతే అసలు ముట్టించవద్దు, చర్మంలోంచి లోపలికి ఇంకితే మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది.

చుండ్రుకు నూనె. సన్నటి తెల్లటి పొడి రాలుతుంటే అది పొడిదనం, మాయిశ్చరైజర్‌తో పోతుంది. పసుప్పచ్చగా, జిడ్డుగా పెచ్చులు కడితే చుండ్రు. దానికి నూనె పెడితే చుండ్రు పెంచే ఫంగస్‌కు విందు పెట్టినట్టే. కీటోకొనజోల్ 2 శాతం షాంపూ వారానికి రెండుసార్లు రాసి, అయిదు నిమిషాలు ఉంచి కడగండి. ఇలా నెల చూడాలి.

మెడికల్ షాపు ట్యూబు. ఇందులో నేనూ బలయ్యాను. గుండు మొదలుపెట్టిన రెండో ఏడు మెడ వెనుక పొక్కులొస్తే, మా వీధి చివర షాపులో "ఇది రాయండి సార్, రెండు రోజుల్లో మాయం" అని ఒక ట్యూబు ఇచ్చారు. నిజంగానే రెండు రోజుల్లో మాయమైంది. ఆపగానే రెట్టింపు వచ్చింది. మళ్లీ రాశాను. ఇలా నాలుగు నెలలు. చివరికి చర్మం పలచబడి ఎర్రటి నరాలు తేలాయి. డాక్టరమ్మ ట్యూబు చూసి నెత్తి కొట్టుకుంది (తనది, నాది కాదు). అందులో స్టెరాయిడ్ ఉంది. పేరులో బీటామెథసోన్, క్లోబెటసాల్ లాంటి మాటలుంటే డాక్టర్ రాసిస్తే తప్ప నెత్తికి పెట్టొద్దు. తామరకు పెడితే అది తగ్గినట్టు నటించి లోలోపల పాకుతుంది.

సరిగ్గా ఉందో లేదో ఇలా చూసుకోండి

కడిగిన పది నిమిషాలకు ఏమీ రాయకుండా కనుబొమలు పైకెత్తండి. నెత్తి చర్మం బిగుసుకుని లాగినట్టు ఉంటే మీ ఫేస్‌వాష్ ఘాటెక్కువ, మార్చండి.

పొద్దున కడిగిన నాలుగు గంటలకు టిష్యూ కాగితం నడినెత్తికి అద్దండి. కాగితం నూనె వడల పొట్లంలా అయితే మాయిశ్చరైజర్ తగ్గించండి. పొడిగానే ఉండి తెల్లటి నూగు అంటితే పెంచండి.

షేవింగ్ అయ్యాక ఆరిన తలపై దూది ఉండ జార్చండి. పోగులు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ వెంట్రుక మిగిలింది. అద్దం కంటే దూది నిజం చెబుతుంది.

ఆదివారం ఆదివారం ఒకే కిటికీ దగ్గర నిలబడి నడినెత్తిని, వెనుక భాగాన్ని ఇంట్లోవాళ్లతో ఫోటో తీయించండి. మన నెత్తిని మనం చూడలేం కదా. పుట్టుమచ్చ ఆకారం, రంగు మారినా, అంచులు చెదిరినా, చిన్న పుండు మూడు వారాలైనా మానకపోయినా ఫోటోల్లో తెలిసిపోతుంది. అప్పుడు చర్మవైద్యుల దగ్గరికి వెళ్లాల్సిందే.

పొక్కులు వస్తే

తలంతా ఆవగింజల్లా సన్నగా చురచురలాడితే చెమటకాయలు. చల్లటి నీళ్లు, గాలి, రెండు రోజులు మాయిశ్చరైజర్ మానడం చాలు. గీసినచోటే ఎర్రగా లేచి, మధ్యలో నల్లటి చుట్టలా వెంట్రుక కనబడితే లోపలికి తిరిగిన వెంట్రుక. పిన్నీసుతో పెళ్లగించకండి. బ్లేడు పూర్తిగా ఆపి, వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డ పూటకు పది నిమిషాలు పెట్టండి, దానంతటదే పైకొస్తుంది. మూడు నాలుగు వారాలు ట్రిమ్మర్‌తో ఒక మిల్లీమీటరు ఉంచి కత్తిరించండి. చీము తలలుంటే బెంజోయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం జెల్ పలచగా రాయవచ్చు. తెల్ల తువ్వాలు వాడండి, రంగు తువ్వాలు వెలిసిపోతుంది.

గుండ్రంగా అంచులు లేచిన మచ్చ, జ్వరం, చెవుల వెనుక బిళ్లలు కట్టడం, మెడ వెనుక గట్టిపడి గడ్డల్లా మిగిలిపోవడం. వీటిలో ఏది కనబడినా ఇంటి వైద్యం ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మెడ వెనుక గడ్డలు ముదిరితే అక్కడ మళ్లీ జుట్టు మొలవదు.

పుట్టువెంట్రుకలు తీయించిన పిల్లలకు

పిల్లల మాడు సాధారణంగా ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్య పూడుకుంటుంది. అప్పటిదాకా అక్కడ తోమడం, నొక్కడం వద్దు. ఆరు నెలల లోపు పిల్లలకు సన్‌స్క్రీన్ రాయకండి, నూలు టోపీ పెట్టి నీడన ఉంచండి. బిడ్డ ఏడుస్తూ తల తిప్పేస్తుంటే చేసేవారిని ఆగమనండి. ముహూర్తం దాటిపోతుందని పెద్దవాళ్లు తొందరపెడతారు. నిద్రపోయాక చేయించడమే తేలిక, మా మేనకోడలికి అలాగే చేయించాం.

ఇక చివర్లో అందరూ గొంతు తగ్గించి అడిగేది: గుండు కొట్టిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందా? రాదు. కుదురు చర్మం లోపల ఉంది, బ్లేడు పైనే తిరుగుతుంది. కొస మొండిగా తెగింది కాబట్టి మొలిచేటప్పుడు గరుకుగా, లావుగా అనిపిస్తుంది, అంతే. ఒత్తుగా వచ్చేదే అయితే పన్నెండేళ్లలో నాకు ఈపాటికి జడ వేసుకునేంత ఉండాలి.